స్కూటర్ వెనక గ్యాస్ షాకబ్జర్: నల్లగొండ, పాలమూరు రోడ్లకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

110 సీసీ స్కూటరుకు వెనక మంచి గ్యాస్ షాకబ్జర్ వేస్తే నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ దాకా కూర్చున్న నడుముకు తేడా తెలుస్తుంది. అయితే గుంతలో పడ్డప్పుడు తగిలే మొదటి దెబ్బ పెద్దగా తగ్గదు. ఆ దెబ్బ తర్వాత బండి మూడు నాలుగు సార్లు ఎగిరెగిరి పడకుండా ఒక్క ఊపుకే కుదురుకుంటుంది. గ్యాస్ షాక్ కొన్నవాళ్లకు దక్కే లాభం ఇదే. ఇది తెలియక కొన్నవాళ్లు "ఇన్ని డబ్బులు పెట్టినా గుంతలో పడితే అట్లనే కొడుతుంది" అని బాధపడుతుంటారు. ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో ముందే తెలుసుకుని కొంటే ఆ బాధ ఉండదు.

ఈ సమీక్షలో ఎక్కువగా చెప్పేది హోండా యాక్టివా గురించి, ఎందుకంటే మన జిల్లాల్లో ఏ ఊరి చౌరస్తాలో చూసినా అదే ఎక్కువ కనిపిస్తుంది. టీవీఎస్ జూపిటర్, సుజుకి యాక్సెస్ ఉన్నవాళ్లకూ చాలా మటుకు ఇవే మాటలు వర్తిస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

వెనక అంత గట్టిగా ఎందుకు కొడుతుంది

మోటారు సైకిల్లో ఇంజిన్‌ను ఛాసిస్‌కు బిగిస్తారు. చక్రంతో పాటు ఊగేది దాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఒక్కటే. స్కూటర్లో ఇంజిన్, బెల్టు డబ్బా, వెనక గేర్లు, బ్రేకు, చక్రం అన్నీ కలిసి ఒకటే ముద్ద. ఆ ముద్ద ముందువైపు హ్యాంగర్ బుష్‌లనే రబ్బరు తొడుగుల మీద వేలాడుతుంది. వెనక ఎడమ పక్కన ఉన్న ఒకే ఒక షాకబ్జర్ మీద ఊగుతుంది. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా ఇంజిన్ మొత్తం దిగి లేవాలి. స్ప్రింగు కింద ఇంత బరువు ఊగుతుంటే, దాన్ని ఆపాల్సిన ఆయిల్ మీద పెద్ద భారం పడుతుంది.

దానికి తోడు చక్రం చిన్నది. యాక్టివా 110 వెనక టైరు 90/100-10, అంటే రిమ్ము 10 అంగుళాలే. జూపిటర్‌కు ముందూ వెనకా 12 అంగుళాలు. చిన్న చక్రం అదే గుంతలో ఇంకా లోతుకు దిగుతుంది, గుంత అంచుకు ఇంకా నిటారుగా గుద్దుకుంటుంది. ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా చక్రం సైజు మారదు. మంచినీళ్ల పైపు కోసం సీసీ రోడ్డును అడ్డంగా కోసి సరిగ్గా పూడ్చని చోట్ల, చెరువు అలుగు దగ్గర కొట్టుకుపోయిన తారు అంచుల మీద 10 అంగుళాల చక్రం గుద్దుకోవాల్సిందే. అక్కడ మందు ఒక్కటే, స్పీడు తగ్గించడం.

షాకబ్జర్ తన సత్తా చూపేది వేరేచోట. కేజ్ వీల్స్‌తో నడిచిన ట్రాక్టర్లు గీతలు పెట్టిన ఊరి రోడ్డు, వడ్ల లారీల బరువుకు అలలు అలలుగా లేచిన తారు, వరసగా నాలుగైదు సన్నటి స్పీడ్ బ్రేకర్లు, హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కట్ట మీది కంకర తోవ. ఇట్లాంటి రోడ్ల మీద మామూలు షాకబ్జర్‌లో ఆయిలూ గాలీ కలిసి నురగ కడతాయి. నురగకు పిస్టన్‌ను ఆపే శక్తి ఉండదు. పది కిలోమీటర్లు పోయేసరికి, పొద్దున బాగున్న బండి ఎగరడం మొదలుపెడుతుంది. మన ఎండాకాలం 44, 45 డిగ్రీల్లో ఆయిల్ ముందే పలచబడి ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. గ్యాస్ షాకబ్జర్‌లో నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపుతారు. ఆ ఒత్తిడి వల్ల ఆయిల్ అంత సులువుగా నురగ కట్టదు. పదో కిలోమీటరులో ఉన్న పట్టు నలభయ్యో కిలోమీటరులోనూ ఉంటుంది. గ్యాస్ అంటే "మెత్తన" అని దుకాణాల్లో చెప్పే మాట నిజం కాదు. మెత్తదనం స్ప్రింగు చేతిలో ఉంటుంది, గ్యాస్ ఇచ్చేది నిలకడ.

కొనేముందు పైసా ఖర్చు లేకుండా చూడాల్సినవి

మొదట టైరు గాలి. యాక్టివాకు కంపెనీ చెప్పింది ముందు 22 పీఎస్ఐ, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36. పంక్చర్ దుకాణంలో గేజీ లేకుండా చేత్తో నొక్కి చూసి నింపితే రెండు టైర్లలోనూ 40 దాకా పోతుంది. ముందు 22 ఉండాల్సిన చోట 40 ఉంటే ఏ షాకబ్జరూ కాపాడలేదు. గాలి సరిచేసి రెండు రోజులు నడపండి. చాలా బండ్లకు వైద్యం ఇక్కడే అయిపోతుంది.

తర్వాత ఇంజిన్ హ్యాంగర్ బుష్‌లు. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా ఊపండి. చక్రంతో పాటు ఇంజిన్ మొత్తం పక్కకు కదులుతూ లోపల "టక్" మంటే హ్యాంగర్ బుష్ రబ్బరు పోయినట్టు. ఇది పోయిన బండి మలుపులో తోక ఊపుతుంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు కాళ్ల కింద గట్టిగా శబ్దం చేస్తుంది. ఈ శబ్దాన్ని షాకబ్జర్ శబ్దమనుకుని కొత్తది వేయించుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. షాక్ మారుతుంది, శబ్దం అక్కడే ఉంటుంది. ఇంజిన్ కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే అది బేరింగు పని.

ఆ తర్వాత పాత షాకబ్జర్‌నే చూడండి. సీటు వెనక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. బాగున్న షాక్ పైకొచ్చి ఆగుతుంది. పోయినది పైకొచ్చి, మళ్లీ దిగి, మళ్లీ లేస్తుంది. టార్చి వేసి స్ప్రింగు చుట్ల మధ్య రాడ్డును చూడండి. ఆయిల్ తడి, దాని మీద ఎర్రమట్టి పేరుకుని ముద్దలా ఉంటే సీలు పోయింది. ఈ సీల్డు షాకులను విప్పి ఆయిల్ నింపి ఇస్తామనేవాళ్లు ఊళ్లలో ఉన్నారు. మామూలు ఆయిల్ షాక్‌కు అది కొన్ని నెలలు నడుస్తుందేమో గానీ, అదే డబ్బు కొత్తదానికి వేసుకోవడం మేలు. గ్యాస్ షాక్‌ను మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపల ఒత్తిడి ఉంటుంది, క్లిప్పు తీయగానే రాడ్డు ఎగిరొచ్చి ముఖానికి తగలొచ్చు.

దుకాణంలో దొరికేవి

ఒకటో రకం, కంపెనీ ఒరిజినల్. హోండా కౌంటరులో దీన్ని "రియర్ కుషన్" అంటారు. హోండా పార్ట్ నంబరు 52400తో మొదలవుతుంది, తర్వాతి అక్షరాలు మోడల్‌ను బట్టి మారతాయి. ఆర్సీ కార్డు తీసుకెళ్లి మీ మోడల్ నంబరుతోనే అడగండి. యాక్టివా 5జీ మోడల్ షాక్, 6జీ మోడల్ షాక్ ఒకటే అనుకుని తేవద్దు. ఇది వేస్తే బండి కొత్తప్పుడు ఎట్లా ఉందో అట్లా అవుతుంది, అంతకంటే బాగా కాదు. ఒక్కరే నడిపేవాళ్లకు, ఊళ్లోనే తిరిగేవాళ్లకు ఇది చాలు. మా సలహా అడిగితే ఎక్కువమందికి ఇదే చెబుతాం.

రెండో రకం, షాకబ్జర్లు తయారుచేసే పెద్ద సంస్థలు విడిభాగాల మార్కెట్‌కు పంపేవి. 1961లో మొదలైన గాబ్రియెల్ ఇండియా, ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) కేంద్రంగా ఉన్న ఎండ్యూరెన్స్ లాంటివి బండ్ల కంపెనీలకే షాకులు చేసి ఇస్తాయి. ఇవి ఒరిజినల్‌కు అటూ ఇటూగా ఉన్న ధరలో దొరుకుతాయి, మీ బండికి గ్యాస్ రకం ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఇద్దరు కూర్చుని రోజూ 30, 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఈ గ్యాస్ రకమే సరైన ఎంపిక. స్ప్రింగు గట్టిదనం ఒరిజినల్‌కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి బండి నడక చెడదు. ఊళ్లో ఏ మెకానిక్ అయినా వేయగలడు. డబ్బా మీద మీ మోడల్ పేరు, ఎమ్మార్పీ, తయారైన నెల ముద్రించి ఉండాలి. ముద్ర మసకగా ఉన్నా, డబ్బా మీద ఒక పేరు షాక్ మీద ఒక పేరు ఉన్నా వదిలేయండి. జూపిటర్ కొన్ని మోడళ్లకు కంపెనీయే వెనక గ్యాస్ షాక్ ఇచ్చింది. ఆ బండి ఉన్నవాళ్లకు ఒరిజినల్ కొనుక్కోవడమే అప్‌గ్రేడ్.

మూడో రకం ఖరీదైనవి. థాయ్‌లాండ్ సంస్థ వైఎస్ఎస్, మలేషియా సంస్థ ఆర్‌సీబీ లాంటివి. వీటిలో కొన్నింటికి స్ప్రింగును మరతో తిప్పి బిగించుకోవచ్చు, కొన్నింటికి రీబౌండును, అంటే షాక్ తిరిగి పైకొచ్చే వేగాన్ని, క్లిక్కులతో మార్చుకోవచ్చు. ధర ఒరిజినల్‌కు ఎన్నో రెట్లు. మన్ననూరు దాటి నల్లమల మలుపుల్లో శ్రీశైలం వైపు ఇద్దరితో, సామానుతో తరచూ పోయేవాళ్లకు, సెట్టింగులు ఓపిగ్గా చేసుకునేవాళ్లకు విలువ కనిపిస్తుంది. కొన్నాక ఒక్కసారీ రీబౌండు మర ముట్టుకోనివాళ్లకు రెండో రకమే చాలు. ఇంకో సంగతి, వీటి స్ప్రింగులు కొన్ని గట్టిగా ఉంటాయి. 55 కిలోల మనిషి ఒంటరిగా నడిపితే, ఒరిజినల్ కంటే ఎక్కువ కొడుతుంది. కొనేముందు స్ప్రింగు ఎంత బరువుకు చేసిందో అడగండి, చెప్పలేని దుకాణంలో ఇంత డబ్బు పెట్టొద్దు.

నాలుగో రకం ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో పక్కన చిన్న డబ్బాతో మెరిసే చవక షాకులు. వీటి గురించి గట్టిగానే చెప్పాలి. చాలావాటిలో ఆ పక్క డబ్బా ఉత్తదే. లోపల దారి లేదు, గ్యాస్ లేదు, అలంకారానికి బిగించింది. నిజమైన డబ్బాకూ షాక్ ఒంటికీ మధ్య ఆయిల్ పోయే దారి ఉంటుంది, లేదా బలమైన గొట్టం ఉంటుంది. ఉత్త డబ్బా రెండు స్క్రూలతో ఊగుతుంటుంది. వీటి రాడ్డు సన్నం, షాక్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బను ఆపే బంప్ రబ్బరు లోపల ఉండదు లేదా బిళ్లంత ఉంటుంది. నిండు బరువుతో కింది దాకా దిగినప్పుడు ఇనుముకు ఇనుము తగులుతుంది. ఆ దెబ్బను ఛాసిస్ మీది పై బ్రాకెట్ వెల్డింగు భరించాలి. అది చీలితే షాకబ్జర్ ఖర్చుతో పోదు. స్కూటరుకు వెనక ఉన్నది ఒకే షాక్, రెండోది ఆదుకోదు. ఇవి కొనొద్దు.

కొలతలు, పొరపాట్లు జరిగేచోటు

షాక్ రెండు చివర్లలో బోల్టు దూరే రింగును కన్ను అంటారు. షాక్ పొడవును పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్య దాకా కొలవాలి, చివర నుంచి చివర దాకా కాదు. పాతదాన్ని విప్పి, బరువు లేకుండా పూర్తిగా సాగి ఉన్నప్పుడు టేపు పెట్టండి. కొత్తది 5 మిల్లీమీటర్ల లోపు తేడాతో ఉంటే సరే. 10, 15 ఎక్కువైతే వెనక లేస్తుంది, సీటు ఎత్తు పెరుగుతుంది, హ్యాండిల్ మరీ తేలికై హైవే మీద గాలికి, లారీ పక్కనుంచి పోయినప్పుడు బండి వణుకుతుంది. తక్కువైతే నిండు బరువులో లోపలి మడ్‌గార్డు టైరుకు రాసుకుంటుంది, కాళ్లు పెట్టే పలక అడుగు స్పీడ్ బ్రేకర్‌కు తగులుతుంది.

కన్నుల లోపలి ఉక్కు గొట్టం రంధ్రం, దాని వెడల్పు కూడా చూడాలి. మామూలుగా పైన 10 మిల్లీమీటర్ల బోల్టు, కింద 8 మిల్లీమీటర్ల బోల్టు ఉంటాయి. రంధ్రం 10 ఉండి బోల్టు 8 అయితే కొందరు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగిస్తారు. పదిహేను రోజుల్లో ట్యూబు నలిగిపోయి టకటకలు మొదలవుతాయి, తర్వాత బోల్టే తెగుతుంది. సరైన సైజు ఉక్కు కాలరు వేయాలి, లేదంటే షాక్ వాపసు ఇచ్చేయాలి. కింది వైపు కొన్నింటికి కన్ను ఉంటుంది, కొన్నింటికి కాళ్లు చాపిన పట్టకారులాంటిది ఉంటుంది. దీన్ని కళ్లతో చూసి సరిపోల్చుకోవాలి.

బిగించే పద్ధతి

కావాల్సినవి: 10, 12, 14 పానాలు, పొడుగు టీ పానా, స్క్రూ డ్రైవరు, వాడి పడేసే కట్టె దిమ్మ ఒకటి, గ్రీజు, ఒక తోడు మనిషి. చేయి తిరిగినవాడికి గంట పని.

బండిని చల్లారనివ్వండి. పెద్ద స్టాండు వేసి ముందు బ్రేకు పట్టి కట్టేయండి. సీటు ఎత్తి, డిక్కీ లోపలి బోల్టులు తీసి, డిక్కీ బకెట్టును సీటుతో సహా పైకి లేపండి. వెనక గ్రాబ్ రైలు అడ్డొస్తే అదీ తీయాలి. డిక్కీ లేచాక కింద ఇంజిన్ కనిపిస్తుంది, దాని మీద గుడ్డ కప్పండి. జారిపడిన బోల్టు ఫ్యాన్ కవరు సందులో దూరితే ఇంకో గంట పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, తెలియనివాళ్లు తప్పకుండా ఇరుక్కునేది. చాలా స్కూటర్లలో పెద్ద స్టాండు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఛాసిస్‌కు కాదు. చక్రం గాల్లో ఉంది కదా, షాక్ మీద బరువు లేదనుకుంటారు. నిజానికి ఇంజిన్ స్టాండు మీద నిలబడి ఉంటే, బండి వెనక బాడీ మొత్తాన్ని అప్పుడు కూడా మోస్తున్నది ఆ షాకబ్జరే. బోల్టు కొట్టి తీయగానే బాడీ దబ్బున ఇంజిన్ మీదికి దిగుతుంది, వేలు అక్కడుంటే నలుగుతుంది. కాబట్టి తోడు మనిషి వెనక ఫ్రేమును కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోవాలి, లేదా ఫ్రేముకూ ఇంజిన్‌కూ మధ్య కట్టె దిమ్మ పెట్టాలి. ఎత్తింది సరిగ్గా ఉంటే బోల్టు వేలితో లాగినా వస్తుంది. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే ఇంకా బరువు దాని మీదే ఉన్నట్టు. కొట్టొద్దు, మర పాడవుతుంది.

ముందు కింది బోల్టు తీయండి, తర్వాత పైది. కింది బోల్టు బెల్టు డబ్బా వెనక ఉంటుంది, బురద గడ్డకట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. ఇది అల్యూమినియం కేసింగులోకి పోయే మర అయితే మరీ జాగ్రత్త, మర పోయిందంటే కేసింగుకు హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట, వేయించాలి, ఆ పని అందరికీ చేతకాదు.

కొత్తదాన్ని ముందు పైన వేలితో తగిలించి, తర్వాత బాడీని ఎత్తుతూ దించుతూ కింది రంధ్రం కలపండి. బోల్టు ఒంటికి సన్నగా గ్రీజు రాయండి, మరకు కాదు. పక్క డబ్బా ఉన్న షాక్ అయితే డిక్కీ పెట్టకముందే ఇద్దరు ఫ్రేమును కిందికి నొక్కి, డబ్బా ఎయిర్ ఫిల్టరుకు గానీ సైడు ప్యానెల్‌కు గానీ తగులుతుందేమో చూడండి. వేలు దూరేంత సందు ఉండాలి.

బోల్టులను ఇప్పుడే పూర్తిగా బిగించొద్దు. కన్నుల్లోని రబ్బరు బుష్ ఉక్కు గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బండి లేచి ఉన్న స్థితిలో బిగిస్తే, మనిషి కూర్చున్నప్పుడల్లా ఆ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. స్టాండు తీసి, చక్రం నేల మీద పెట్టి, వెనక ఫ్రేము మీద ఒక మనిషి బరువు వేసి, అప్పుడు బిగించండి. టార్క్ పానా ఉంటే 10 మిల్లీమీటర్ల బోల్టుకు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి 22 నుంచి 27 మామూలుగా సరిపోతాయి. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. అరడుగు పానాకు పైపు తొడిగి కాలితో తొక్కే బిగింపు వద్దు.

స్ప్రింగు మెట్టు ఎంతలో పెట్టాలి

యాక్టివా 6జీ వెనక షాక్‌కు మూడు మెట్లు ఉన్నాయి. కొక్కెం పానాతో కాలరు తిప్పితే మెట్టు మారుతుంది. మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అందరూ అనే మాట, కానీ స్ప్రింగు అదే ఉంటుంది. దాన్ని ముందే కొంచెం నొక్కి ఉంచడం వల్ల బండి ఎత్తులో నిలబడుతుంది, కిందికి దిగడానికి మిగిలిన జాగా పెరుగుతుంది. ఒంటరిగా నడుపుతూ మూడో మెట్టులో పెడితే బండి ఎప్పుడూ పైనే నిలబడి, చిన్న గుంతలోకి చక్రం దిగడానికి జాగా లేక ఎగిరి పడుతుంది.

సరైన మెట్టు తెలుసుకోవడానికి టేపు చాలు. స్టాండు మీద కాకుండా, బండిని నేల మీద నిలబెట్టి, గ్రాబ్ రైలు పట్టుకుని చక్రం నేల వదిలేదాకా పైకి ఎత్తండి. వెనక ఇరుసు నట్టు మధ్య నుంచి నేరుగా పైన బాడీ మీద ఒక గుర్తు దాకా కొలవండి. ఉదాహరణకు 300 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. తర్వాత నడిపే మనిషి ఎప్పుడూ కూర్చునేచోట కూర్చుని, రెండు సార్లు మెల్లగా ఊగి, కాళ్లు పలక మీద పెట్టాలి, ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి. మళ్లీ కొలిస్తే 275 వచ్చిందంటే 25 దిగింది, ఒక్కరికి 20 నుంచి 28 మధ్య బాగుంటుంది. 10 మాత్రమే దిగితే మెట్టు తగ్గించండి. ఒకటో మెట్టులో కూడా 10కి మించి దిగకపోతే ఆ స్ప్రింగు మీ బరువుకు ఎక్కువ. మూడో మెట్టులోనూ 40 దాటితే స్ప్రింగు అలసిపోయింది, లేదా బరువు దాని శక్తికి మించింది.

బరువుల సంగతి వచ్చింది కాబట్టి, పాలు పోసేవాళ్లకు ఒక మాట. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు, క్యాను బరువు వేరు. రెండు క్యాన్లు వెనక వేలాడదీస్తే ఒక పెద్ద మనిషి కంటే ఎక్కువ, అదీ ఇరుసుకు వెనక. ఆ బరువంతా షాక్ మీద పడడమే కాకుండా ముందు చక్రం మీది పట్టును తగ్గిస్తుంది. ఇట్లాంటి వాడకానికి గ్యాస్ షాక్ కంటే గట్టి స్ప్రింగు ఉన్న షాక్ అవసరం, క్యాన్లను వీలైనంత ముందుకు, కిందికి జరపడం ఇంకా అవసరం. 25 కిలోల బియ్యం బస్తా అయితే కాళ్ల దగ్గరి పలక మీదే పెట్టండి.

ముందు చక్రం సంగతి

వెనక బాగుపడ్డాక ముందు లోపాలు బయటపడతాయి. యాక్టివా 110కి 5జీ దాకా ముందు బాటమ్ లింక్ ఉండేది. రెండు చిన్న షాకులు, వాటి కింద ఊగే లింకులు. 2020 జనవరిలో వచ్చిన 6జీ నుంచి టెలిస్కోపిక్ ఫోర్క్, ముందు 12 అంగుళాల చక్రం వచ్చాయి.

బాటమ్ లింక్ బండికి అసలు శత్రువు ఎర్రమట్టి దుమ్ము. లింకు బుష్‌లలో దూరి గ్రీజుతో కలిసి గరుకు పొడిలా తయారవుతుంది, లోపలి కాలరును అరగదీస్తుంది. ముందు చక్రం లేపి, రెండు పక్కలా పట్టుకుని అడ్డంగా ఊపితే లింకుల దగ్గర ఆట, అంటే వదులు, కనిపిస్తుంది. ఫోర్కు కింది భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర టక్ మంటే అది కోన్‌సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే మెడ బేరింగు. రెంటికీ వేర్వేరు మందు. లింకు బుష్‌లు, కాలర్లు, దుమ్ము సీళ్లు, బోల్టులు నాలుగూ కలిపి మార్చి లిథియం గ్రీజు పెట్టించండి. బుష్ మాత్రమే మార్చి అరిగిన కాలరు ఉంచితే రెండు నెలల్లో మళ్లీ ఆటే. ఈ పనికయ్యే డబ్బుకు వచ్చే సుఖం, వెనక ఖరీదైన షాక్ ఇచ్చే సుఖం కంటే ఎక్కువ. పాత యాక్టివా ఉన్నవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బాటమ్ లింక్ తీసి టెలిస్కోపిక్ ఫోర్కు వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువ. హైదరాబాద్‌లో పుత్లీబౌలి లాంటి స్పేర్ పార్ట్‌ల బజార్లలో ఫోర్కులు దొరుకుతాయి, వేసిచ్చేవాళ్లూ దొరుకుతారు. మేం వద్దనే చెబుతాం. మెడ గొట్టం పొడవు, కోన్‌సెట్టు కప్పులు, ఇరుసు, బ్రేకు ప్లేటును తిరగకుండా ఆపే గాడి, మడ్‌గార్డు, బ్రేకు కేబుల్ పొడవు, మీటరు కేబుల్ అన్నీ కలవాలి. ఒక్కటి కుదరక వెల్డింగు పెట్టారంటే ప్రాణం ఆ వెల్డింగు మీద ఆధారపడుతుంది. బ్రేకు ప్లేటు గాడి సరిగ్గా కూర్చోకపోతే గట్టి బ్రేకుకు ప్లేటే తిరిగి చక్రం పట్టేస్తుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఇదే అడ్డంకి కావచ్చు.

టెలిస్కోపిక్ ఉన్నవాళ్లకు చేయాల్సింది వేరే. 15, 20 వేల కిలోమీటర్లకు ఒకసారి ఫోర్కు ఆయిల్ మార్పించండి, సీలు తడిగా ఉంటే సీళ్లూ మార్చండి. రెండు కాళ్లలోనూ మాన్యువల్లో చెప్పినంతే, కొలిచిన గ్లాసుతో సమానంగా పోయాలి. ఇంజిన్ ఆయిల్ మిగిలింది కదా అని దాన్నే పోస్తే ముందు భాగం బిగుసుకుపోతుంది, చిన్న గుంతలన్నీ అరచేతులకు తగులుతాయి. సీళ్లు మార్చేటప్పుడు రాడ్డు మీద గోరుతో తడిమి చూడండి. గోరు తట్టుకునే గీత ఉంటే కొత్త సీలు కూడా నెలలో కోసుకుపోతుంది. గీతను సన్నటి నూనె రాయితో చదును చేయాలి, లోతుదైతే రాడ్డే మార్చాలి.

వేశాక

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొత్త షాక్ సీళ్లు బిగుతుగా ఉంటాయి. అప్పుడే బాగా లేదని మెట్లు మార్చుకుంటూ పోవద్దు. వంద కిలోమీటర్లకు ఒకసారి రెండు బోల్టులూ పానా పెట్టి చూడండి, వదులైతే బిగించండి. స్ప్రింగు చుట్ల మధ్య నుంచి రాడ్డు మీద సన్నగా గ్రీజు గీత రాసి, ఎప్పుడూ మోసే బరువుతో రోజూ పోయే రోడ్డు మీద పోయి రండి. గ్రీజు ఎక్కడిదాకా తుడుచుకుపోయిందో చూస్తే షాక్ ఎంత లోతుకు దిగుతోందో తెలుస్తుంది. బంప్ రబ్బరును తాకేదాకా ఎప్పుడో ఒకసారి దిగితే ఫరవాలేదు, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ తాకుతుంటే ఒక మెట్టు పెంచండి.

బండి కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లను నేరుగా రాడ్డు సీలు మీద కొట్టనివ్వొద్దు, మట్టి లోపలికి పోయేది అట్లాగే. పాత షాక్ అలసిపోయి వెనక కుంగి ఉన్న బండికి కొత్తది వేస్తే వెనక లేచి, హెడ్‌లైటు వెలుగు దగ్గరగా నేల మీద పడుతుంది. దేవరకొండ రోడ్డు మీద చీకట్లో దూరం కనిపించడం లేదనిపిస్తే బల్బు మార్చకండి, హెడ్‌లైటు సర్దే స్క్రూ తిప్పి వెలుగును పైకి లేపించండి.